కింది వరస

మా ల్యాబ్‌లో నవ్వు నాది, నమలడం ఆమెది. పదకొండేళ్లుగా ఇంతే.

మేం చేసేది కట్టుడు పళ్లు. చెప్పుల దుకాణం పైన రెండో అంతస్తులో మూడు కిటికీల గది. కిటికీల వెంట పొడుగాటి బల్ల, బల్ల మీద గ్యాసు దీపాలు, మైనం ముక్కలు, ఎంత తుడిచినా పోని ప్లాస్టర్ దుమ్ము. పళ్ల డాక్టర్లు రోగి నోటి అచ్చులు పంపిస్తారు. వాటిని నోరులా తెరుచుకుని మూసుకునే ఇత్తడి పరికరానికి బిగించి, మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెడతాం. ఆ పరికరాన్ని మేం దవడ అంటాం. పై వరస నిలబెట్టేది నేను. కింది వరస ఆమె. వేరే ల్యాబుల్లో రెండూ ఒకరే చేస్తారు. మా ఓనరు మాత్రం పై పళ్లు అందానికి, కింది పళ్లు తిండికి, ఈ రెండు బుద్ధులూ ఒక్క మనిషికి ఉండవు అంటాడు. ఆయన మాటల్లో నేను ఒప్పుకునేది ఇదొక్కటే.

ఆమెను అందరూ అక్క అంటారు. నాలుగేళ్లు పెద్దయిన ఓనరు కూడా అక్కే అంటాడు. కానీ అందరి అక్క వేరు, నా అక్క వేరు. పనిలో చేరిన మొదటి రోజున నా చేతిలోంచి ఒక పన్ను జారి బల్ల కిందికి పోయింది. నేను నేల మీద పాకుతూ వెతుకుతుంటే ఆమె కూడా కుర్చీ దిగి నా పక్కన పాకింది. ఇద్దరం దుమ్ములో మోకాళ్ల మీద ఉండగా, "దొరక్కపోతే నాది ఒకటి పీకి ఇస్తాలే, ఏడవకు" అంది. ఆ పూట నుంచి ఆమె నాది అనుకున్నాను. ఆమె కూడా ఎన్నడూ కాదనలేదు.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి, మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. మా పనివాళ్లందరి మెడలూ చివరికి అలాగే అవుతాయి. భర్త బస్సు డిపోలో టైర్లు మారుస్తాడు. ఇంట్లో ఇద్దరే. మాట తక్కువ. అన్నం ముందు కూర్చుంటే అరగంట నములుతుంది, కింది వరస మనిషి కదా మరి. బస్సులో ఎదుటివాళ్ల కళ్లకేసి చూడదు, నోటికేసి చూస్తుంది. ఎవరైనా నోరంతా తెరిచి ఆవలిస్తే సినిమా చూసినంత సంబరం. మోచేత్తో నన్ను పొడిచి, కింద ఎడమవైపు రెండు లేవు, అందుకే కుడి చెంప బలిసింది అని చెవిలో చెప్పేది. నవ్వు ఆపుకోలేక నేను ముందు స్టాపులోనే దిగిపోయిన రోజులున్నాయి.

ఆమె చేతికి ఒక గుర్తుంది. కింది వరస ముందు పళ్లలో ఎడమవైపుదాన్ని వెంట్రుకవాసి పక్కకు తిప్పి పెడుతుంది. పుట్టు పళ్లేవీ గీత గీసినట్టు ఉండవు కదా, ఇవెందుకు ఉండాలి అంటుంది. వంద సెట్లు కలిపేసి నా ముందు పోసినా కళ్లు మూసుకుని వేలితో తడిమి ఇది అక్కది అని తీయగలనని నాకు మహా గర్వం. ఆ మాట ల్యాబ్‌లో చెప్పని మనిషి లేడు, చెప్పని వారం లేదు. పెట్టిన పళ్లను సరిచూసేది కూడా నేనే. రెండు వరసల మధ్య నీలం కాగితం పెట్టి దవడ మూస్తే, తాకిన చోటల్లా నీలం చుక్క పడుతుంది. రెండు వైపులా సమానంగా చుక్కలు పడితే ఆ సెట్టు తినడానికి పనికొస్తుంది. ఒకవైపే పడితే వెనక్కి. పదకొండేళ్లలో అక్క పని నేను వెనక్కి ఇచ్చింది ఒక్కసారే, ఈ మధ్యే, అయిదారు నెలల క్రితం. కుడివైపు దవడ పళ్లు ఎత్తుగా ఉన్నాయి. కాఫీ తాగకుండా చేశానే, అందుకే అని నవ్వేసింది. నేనూ నవ్వేసి మరిచిపోయాను.

నేను మా అన్నయ్య ఇంట్లో ఉంటాను. వదిన మంచిదే. పిల్లలు ముగ్గురు. నా మంచం హాల్లో, టీవీకి ఎదురుగా. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి బీరువాలో ఒక అర ఉంది. ఏడాదిలో నాది అని చెప్పుకోవడానికి ఒక ఆదివారం ఉంది. చలి తగ్గగానే అక్కా నేనూ ఒక రోజంతా ఎక్కడికైనా పోయి, నడిచి, బయట భోంచేసి వస్తాం. ఒక ఏడు పడవ, ఒక ఏడు జంతువులు, ఒక ఏడు గడియారాల మ్యూజియం. ప్లాను ఎప్పుడూ అక్కదే. ల్యాబ్ చీటీ వెనక చీమ తలకాయంత అక్షరాలతో రాసేది. ఎన్నింటికి ఏ బస్సు, ఎక్కడ నీడ, ఎక్కడ మంచినీళ్లు. ఆఖరి వాక్యం మాత్రం ఎప్పుడూ ఒకటే, 'భోజనం, ఇద్దరికి.' అలాంటి చీటీలు పది నా అరలో బట్టల కింద ఉన్నాయి.

ఈ ఏడు వెళ్లేచోటు ముందే ఖాయమైంది. ఊరి మధ్యలోంచి రాతి కమానుల మీదుగా పోయే పాత రైలు మార్గం ఒకటుంది. రైళ్లు ఆగిపోయి పాతికేళ్లయింది. దాని మీద మట్టి పోసి, మొక్కలు నాటి, నడవడానికి బాట వేసి పార్కు చేశారు. నేలకు రెండంతస్తుల ఎత్తున, ఇళ్ల మధ్యలోంచి, రెండు కిలోమీటర్ల పొడవు. మా మూడో కిటికీలోంచి దాని పచ్చటి అంచు కనిపిస్తుంది. తెరిచిన రోజే అక్క ఆ కిటికీ దగ్గర నిలబడి, ఈసారి అదే అంది.

కానీ చీటీ తీసి ఆమె ముందు పెడితే, పెన్ను నా వైపు తోసింది.

"నువ్వే రాయి. నేను చెప్తుంటాను."

నాకు అక్కడే తేడా కొట్టింది. పది చీటీలు రాసిన మనిషికి పదకొండోది రాయడానికి ఓపిక లేకపోయిందా? ముఖం మాడ్చుకుని రాయడం మొదలుపెట్టాను. తూర్పు చివర లిఫ్టు ఉంది, అక్కడ ఎక్కడం. పది గంటలకు. పడమటి చివర పాత గిడ్డంగి ఉంది, దాని పై అంతస్తులో హోటలు. పార్కు బాట మీది నుంచే హోటల్లోకి తలుపు. అక్కడ భోజనం. తిని పక్కనున్న మెట్ల మీదుగా దిగితే బస్ స్టాపు. అంతా రాసి, అలవాటు ప్రకారం 'భోజనం, ఇద్దరికి' అని ముగించాను.

"ముగ్గురికి అని రాయి. పాలిష్‌ని కూడా రమ్మన్నాను" అంది అక్క.

పాలిష్ అంటే మనిషే. తయారైన సెట్టుకు చివర మెరుపు పెట్టే మోటారు దగ్గర కూర్చుంటుంది కాబట్టి ఆ పేరు. చేరి ఎనిమిది నెలలు. ముప్పై రెండేళ్లుంటాయి. గట్టిగా మాట్లాడదు, గట్టిగా నవ్వదు, అసలు గట్టిగా ఏమీ చేయదు. అలాంటివాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి. వచ్చిన వారానికే అక్కను అక్కా అని, నన్ను చిన్నక్కా అని పిలవడం మొదలుపెట్టింది. నన్ను చిన్న చేయడానికి దీనికి అధికారం ఎవరిచ్చారు?

నాకు ఒళ్లు మండింది. నా లోపల పుట్టింది కుళ్లే, దానికి ఇంకో పేరు పెట్టను. ఆరు నెలలుగా చూస్తూనే ఉన్నాను. భోజనాల వేళ నేను కిందికి వెళ్లి వచ్చేసరికి ఆ రెండు తలలూ ఒకే దీపం కింద ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. నన్ను చూడగానే విడిపోతాయి. సాయంత్రం రోడ్డు దాటేటప్పుడు పాలిష్ చెయ్యి అక్క చంకలో ఉంటుంది. అక్క సంచి దాని భుజాన ఉంటుంది. నేను అడిగినప్పుడు ఎన్నడైనా ఆ సంచి ఇచ్చిందా? అన్నిటికన్నా ఘోరం, అక్క ఈ మధ్య నాతో మాట్లాడేటప్పుడు నా ముఖంలోకి చూడటం లేదు. నా చెవి వైపు చూస్తుంది. తప్పు చేసినవాళ్లే అలా చూస్తారు.

ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. వదిన ఊరుకుంటుందా. మీ అక్క ఇంకో చెల్లెల్ని తెచ్చుకుందా ఏంటి అని పుండు మీద కారం చల్లింది. ఆమెకు తెలియక అన్న మాటే. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

అయితే నేను ఊరికే కుళ్లుకుని కూర్చునే రకం కాదు. పాలిష్ రెండో ఆదివారం, నాలుగో ఆదివారం వాళ్లమ్మ దగ్గరికి వెళ్తుంది. అందుకని రెండో ఆదివారం అయితే ఎండ తక్కువ ఉంటుంది అక్కా అన్నాను. ఎండ సంగతి నాకెలా తెలుసని ఆమె అడగలేదు. పాలిష్‌కి మూడో ఆదివారం కుదురుతుంది, అదే పెట్టు అని మాత్రం అంది. సరే అన్నాను. హోటలుకు ఫోను చేసి కిటికీ పక్కన బల్ల కావాలన్నాను. కిటికీ పక్కన ఇద్దరు కూర్చునే బల్లలే ఉన్నాయి, ఎంతమంది అని అడిగారు. ఇద్దరు అన్నాను. నాలుక ఏమాత్రం తడబడలేదు. మూడో మనిషి ఎక్కడ కూర్చుంటుందో ఆ మూడో మనిషే చూసుకుంటుంది.

ముందు ఆదివారం ఒక్కదాన్నే వెళ్లి పార్కంతా చూసొచ్చాను. పాలిష్ సాయం లేకుండా ఈ రోజును నడిపించగలిగేది నేనే అని అక్కకు తెలియాలి. బస్సు దిగి పడమటి మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టాను, నలభై ఒకటి. బెంచీలు ముప్పై రెండు. కుళాయిలు మూడు, అందులో ఒకటి రాదు. ఏ మలుపు దగ్గర రాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయో, ఏ గంటకు నీడ ఎటు పడుతుందో అన్నీ చీటీ మీదికి ఎక్కించాను. సోమవారం అదంతా అక్కకు చదివి వినిపిస్తే ఆమె నా చెవికేసి చూస్తూ విని, ఇంత ఎవరు చూస్తారే అంది. ఆ మాటకు కడుపు నిండింది. మధ్యాహ్నం మళ్లీ ఆ రెండు తలలూ ఒకే దీపం కింద కనిపించేదాకా నిండే ఉంది.

గురువారం నాడు పేలిపోయాను. నేను మూడు రోజులు కష్టపడిన పై వరసకు పాలిష్ మెరుపు ఎక్కువ పెట్టి ఒక అంచు అరగదీసింది. నిజం చెప్పాలంటే అరిగింది గోరంత కూడా కాదు. కానీ నాకు దొరికింది. బల్ల మీద ఆ ఉదయమే తయారైన కింది వరస ఒకటి ఉంది. దాన్ని తీసి దీపం ముందు పెట్టి, అందరూ వినేలా అన్నాను.

"ఇదిగో, ఇలా చూడు. ముందు పన్ను ఎలా తిరిగిందో చూడు. మైనం అంచు చూడు, కత్తితో కోసినట్టు లేదూ? ఈ చెయ్యి నీకు పదేళ్లకు కూడా రాదు. అందుకే నీకు చేతనైంది చేసుకో, పెద్దవాళ్ల బల్ల దగ్గర తచ్చాడకు."

నిజంగానే ఆ మధ్య అక్క మైనం అంచులు మరీ శుభ్రంగా ఉంటున్నాయి. వయసు పెరిగేకొద్దీ మనిషికి శ్రద్ధ పెరుగుతుందేమో అనుకునేదాన్ని. పాలిష్ ఎర్రబడిన ముఖంతో సారీ చిన్నక్కా అని కుంచె కడుక్కుంది. ఒకరిద్దరు దగ్గారు. ఓనరు ఫోనులో ఏదో చూసుకుంటున్నట్టు తల దించుకున్నాడు. అక్క మాత్రం, చాల్లేవే, పని చూసుకో అంది. ఆమె పెదాల మీద ఒక రకం నవ్వుంది. నన్ను మెచ్చుకున్న నవ్వనుకున్నాను.

ఆదివారం వచ్చింది. లిఫ్టులో ముగ్గురం ఎక్కాం. పైన తలుపు తెరుచుకునేసరికి గాలి ముఖానికి కొట్టింది. పట్టాలు తీసేయలేదు, రెండింటి మధ్య గడ్డి, పూల మొక్కలు పెంచారు. రెండు పక్కలా ఇళ్ల రెండో అంతస్తుల కిటికీలు మన ఎత్తులోనే ఉంటాయి. ఒకాయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఇంకో ఇంట్లో ఇద్దరు దుప్పటి చెరొక కొస పట్టుకుని మడుస్తున్నారు. ఊరి పైన నడుస్తూ ఊరి లోపలికి చూడటం బాగానే ఉంది. నాకు మాత్రం అదేదీ కంటికి ఆనలేదు. నా కళ్లు పాలిష్ చేతి మీదే ఉన్నాయి. లిఫ్టు దిగిన దగ్గర్నుంచి ఆ చెయ్యి అక్క మోచేతిని వదల్లేదు. బాట ముగ్గురికి సరిపోదు. వాళ్లిద్దరూ ముందు, నేను వెనక. నేను ప్లాను వేసిన నడకలో నేనే వెనకబడి, చీటీ చేతిలో పట్టుకుని, ఎడమకు బెంచీ, కుడికి కుళాయి అని వెనక నుంచి చెప్తూ నడిచాను. పెళ్లివారి వెనక సామాను మోసేవాడిలా ఉంది నా పని.

ఆవలించే మనుషులు ఎదురొచ్చారు, నోరు తెరుచుకుని నిద్రపోతున్న ముసలాయన ఒక బెంచీ మీద కనిపించాడు. అక్క ఒక్కసారి కూడా నన్ను పొడవలేదు. పాలిష్ ముందర నాతో నవ్వడం కూడా నామోషీ అయిందనుకున్నాను.

హోటల్లో నేను చెప్పిన బల్లే ఇచ్చారు. కిటికీ పక్కన, రెండు కుర్చీలు. మూడో కుర్చీ తెచ్చి బల్ల చివర, మనుషులు నడిచే దారిలో వేశారు. పాలిష్ వినయంగా అటు వెళ్లబోయింది. అక్క దాని చెయ్యి పట్టి ఆపింది. నువ్విక్కడ నా ఎదురుగా కూర్చో, ఇందులో ఏముందో చదువు అని దాని చేతిలో మెనూ పెట్టింది. దారిలో కుర్చీ నాకు మిగిలింది. వడ్డించేవాళ్లు వస్తూ పోతూ నా మోచేతిని తగులుతూనే ఉన్నారు. పాలిష్ మెల్లగా, ఒక్కొక్క పేరూ చదువుతోంది. సూపు, వేయించిన చేప, కూరగాయల అన్నం. చదవడంలో అలవాటు తెలుస్తోంది. ఇవాళ కొత్తగా చదువుతున్నది కాదు. నాకిక ఆగలేదు.

"నీకు చదవడం రాదా అక్కా? దానిచేత చదివించుకోవాలా?"

అక్క మెనూ పక్కన పెట్టించింది. నా వైపు తిరిగి, నా చెవి వైపు చూసింది.

"రాదే. ఇప్పుడు రాదు. చూపు మధ్యలో మచ్చ పడింది, రెండు కళ్లకీ. చుట్టూ ఉన్నది కనిపిస్తుంది, ఎదురుగా పెట్టుకున్నదే కనిపించదు. నీ చెవికేసి చూస్తే నీ ముఖం కాస్త తెలుస్తుంది. నేరుగా చూస్తే నువ్వుండవు."

చేప వాసన, పళ్లేల చప్పుడు, పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వడం అన్నీ అలాగే ఉన్నాయి. డాక్టర్లేమన్నారని అడిగాను. ఇంకా తగ్గకుండా చూస్తారట, పోయింది రాదట. మరి పని ఎలా చేస్తున్నావని అడిగాను. అడుగుతుండగానే ఆ రెండు తలలు, ఆ ఒక్క దీపం కళ్లముందు కదిలాయి.

"అయిదు నెలలుగా కింది వరస నాది కాదు, దానిది. నేను పక్కన కూర్చుని చెప్పాను, అది చేసింది. ఓనరుకు తెలుసు. నా చోటు దీనికి ఇస్తావా అంటే, పై వరస ఒప్పుకుంటే ఇస్తానన్నాడు."

"నన్నెవరూ అడగలేదే" అన్నాను.

"అడిగితే ఏం చేసేదానివి? దాని పని అని తెలిస్తే వంద తప్పులు పట్టేదానివి. నాకు కళ్లు లేవని తెలిస్తే జాలిపడి ఒక్క తప్పూ పట్టేదానివి కాదు. నా పని అనుకుని చూస్తేనే నువ్వు ఉన్నదున్నట్టు చూస్తావు. నూటికి పైగా చూశావు. వెనక్కిచ్చింది ఒక్కటే."

ఆ ఒక్కటీ ఏదో నాకు గుర్తొచ్చింది. కుడివైపు దవడ పళ్లు ఎత్తుగా ఉన్నది.

"అది నాది. నేను చేసిన ఆఖరుది" అంది అక్క.

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. గురువారం నాడు దీపం ముందు పెట్టి నేను పొగిడిన కింది వరస, దాన్ని పెట్టిన మనిషి, ఎర్రబడిన ముఖంతో అది అన్న సారీ, ఓనరు దించుకున్న తల, అక్క పెదాల మీది నవ్వు అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. కళ్లు మూసుకుని వేలితో తడిమి అక్కది తీయగలనన్న నేను, కళ్లు తెరుచుకుని అక్కదాన్ని వెనక్కిచ్చి, దీనిదాన్ని నెత్తిన పెట్టుకున్నాను. అక్క కుర్చీలో పాలిష్‌ని కూర్చోబెట్టింది ఎవరో కాదు, నేనే. నా వేలే.

అప్పుడు నాకు రావలసింది దుఃఖం. వచ్చింది, కాదనను. కానీ దానికన్నా ఒక అడుగు ముందు వచ్చింది వేరే. ఆ మచ్చ సంగతి ముందు తెలిసింది దానికి. అయిదు నెలలు అక్క భయాన్ని పంచుకున్నది అది. రోడ్డు మీద ఆ చెయ్యి పట్టుకున్నది, ఆ సంచి మోసింది అది. నేను ఆ అయిదు నెలలూ పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. ఇంత చెడ్డ వార్త వింటూ కూడా, అది నాకు ముందు దక్కలేదే అని ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయివుంటాను. ఆ మాట పైకే అన్నాను. నాకెందుకు ముందు చెప్పలేదు అక్కా, పదకొండేళ్లు అన్నాను. వడ్డించే అతను పళ్లేలు పట్టుకుని నా వెనకే ఆగిపోయాడు.

అక్క చెయ్యి బల్ల మీద వెతుక్కుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నేలమీద పాకుతూ పన్ను వెతికిన చెయ్యే అది.

"నీకు తెలియకుండా ఉన్నన్నాళ్లూ నేను ల్యాబ్‌లో కింది వరసగానే ఉన్నాను. నీకు తెలిసిన రోజున అయిపోతుంది. అందుకని సాగదీశాను. నెలాఖరుకు మానేస్తున్నానే. నేను లేకుండా మీరిద్దరే ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. ఒకసారి కలిపి భోజనం పెట్టిద్దామని తీసుకొచ్చాను."

పాలిష్ సూపు వైపు చూస్తూ కూర్చుంది. అది ఏడుస్తోంది, చప్పుడు లేకుండా, తన అలవాటు ప్రకారమే. నాకు దాన్ని ఓదార్చాలనిపించలేదు. ఉప్పు సీసా దానికి అందేలా జరిపాను. అంతకన్నా నావల్ల కాలేదు.

తినడం పూర్తయ్యేసరికి రెండయింది. అక్క అరగంట కన్నా ఎక్కువే నమిలింది. బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాం. ఇనుప మెట్లు, నిటారుగా, మధ్యాహ్నపు ఎండలో తళతళ మెరుస్తున్నాయి. నా ప్లానులో ఇవి బస్ స్టాపుకు దగ్గర దారి మాత్రమే. ఎదురుగా ఉన్నది కనిపించని మనిషిని నేను తెచ్చి ఎక్కడ నిలబెట్టాను? వెనక్కి లిఫ్టు దాకా నడుద్దామన్నాను. రెండు కిలోమీటర్లు మళ్లీ నావల్ల కాదంది అక్క. పాలిష్ అలవాటుగా మోచెయ్యి అందించబోయింది.

"నువ్వు ముందు దిగు" అంది దానితో అక్క. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇవి ఎన్నో దీనికి తెలుసు. ఇది లెక్కపెట్టింది."

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. ఆమె కళ్లు పోయాయి, పని పోయింది, నెలాఖరుకు నా పక్క కుర్చీ ఖాళీ, అయినా ఆ చెయ్యి నా భుజం మీద ఉందని నా లోపల ఒకటి ఎగిరి గంతేసింది. అక్క పక్కనే అడుగు కలుపుతూ, పాలిష్ వీపు చూస్తూ, దానికి వినపడేంత గట్టిగా లెక్క మొదలుపెట్టాను. ఒకటి. రెండు. అక్క పాదం నా గొంతును పట్టుకుని దిగుతోంది. పదిహేను దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. ఇరవై ఆరు దగ్గర, నీ లెక్క మీద నాకు నమ్మకమేనే అంది. నేను ఇంకాస్త గట్టిగా లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి.

"అంతే అక్కా, అయిపోయాయి" అన్నాను.

అక్క నేల మీద అడుగు వేయబోయింది. కాలు గాల్లో ఉండిపోయింది. మెట్ల పాదం దగ్గర ఒక రాతి పలక ఉంది, జానెడు ఎత్తు. ఎక్కేటప్పుడు దాని మీద నిలబడే నేను లెక్క మొదలుపెట్టాను. అది గడపలాంటిదనుకున్నానే గాని మెట్టు అనుకోలేదు. అక్క ముందుకు తూలింది. నా భుజం మీది వేళ్లు జారాయి.

కింద పాలిష్ ఎప్పటి నుంచి చేతులు చాపి నిలబడి ఉందో. అక్కను నడుము దగ్గర పట్టుకుని నిలబెట్టింది.

"ఇంకొకటుంది అక్కా" అంది, గట్టిగా కాదు, మామూలుగానే.

ఆ ఒక్క మెట్టూ దానికే దక్కింది.